చెలమ కడిగిన రోజు

నువ్వుగింజంత నత్త కోసం ఒక మనిషి తిండీ నిద్రా మానుకుందంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. మొదట్లో దేవదాసుకూ నవ్వొచ్చింది. కూతురు సౌమ్య అన్నాల వేళకు మైక్రోస్కోపు ముందేసుకొని, ఒక కన్ను మూసుకొని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంటే, "అన్నం సల్లారిపోతున్నది బిడ్డా. అదేడికి పోతది, నత్తనే గద" అని ఆటపట్టించేవాడు. నత్త ఎక్కడికీ పోదని ఆ తండ్రీకూతుళ్లిద్దరికీ గట్టి నమ్మకమే.

సౌమ్య కోదాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఏటేటా అదే కప్ప, అదే బొద్దింక, అదే వానపాము. బోర్డు మీద కప్ప గుండెకాయను ఆమె కళ్లు మూసుకొని గీసేయగలదు. ఎవరో ఎప్పుడో చూసి రాసినదాన్ని మళ్లీ మళ్లీ చెప్పడమే తప్ప, తాను చూసినది ఒక్కటైనా పుస్తకంలోకి ఎక్కుతుందన్న ఆశ ఆమెకు ఎప్పుడో చచ్చిపోయింది. చచ్చిపోయిన ఆశ మళ్లీ లేస్తే మనిషిని ఊరికే ఉండనివ్వదు.

ఆ ఆశను లేపింది చెలమలగూడెం. పెన్‌పహాడ్ దాటి లోపలికి పోతే, కాలువ నీళ్లు ఎక్కని మెట్ట మీద ఉంటుంది ఆ ఊరు. తుమ్మలు, పరికి కంప, కాలితే పేలేట్టున్న బండలు. కాలువ కింది ఊళ్లవాళ్లు ఆ ఊరికి పిల్లనివ్వాల్సి వస్తే "ఎడారిల ఇస్తున్నమా" అని మూతి ముడుస్తారు. అంత ఎండిన నేలలో, గుట్ట అడుగున రాతి పగులులోంచి వేలెడు ధార మాత్రం ఏడాది పొడుగునా కారుతూనే ఉంటుంది. దాన్నే చెలమ అంటారు. మంచాలు రెండు పక్కపక్కన వేస్తే పట్టేంత మడుగు. విద్యార్థులకు నీటి పురుగులు చూపిద్దామని తీసుకెళ్లి, వాళ్లు అవతల వలలు వేస్తుండగా సౌమ్య ఒక రాయి తిరగేసింది. రాయి అడుగున నల్లగా, ఇసుక రేణువుల్లా ఏవో అంటుకొని ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే అందులో ఒక రేణువు నడుస్తోంది.

నత్త. గాజులా తెల్లటి తల, రెండు చుక్కల కళ్లు, వెనక నల్లటి చిన్న గుల్ల. ధారకు ఎదురుగా, పగులు వైపుకే పోతోంది. అవన్నీ నీళ్లు పుట్టే చోటే ఉన్నాయి. నాలుగడుగులు కిందికి పోతే ఒక్కటీ లేదు.

మొదటి పొరపాటు అప్పుడే జరిగింది. కొన్నింటిని తెచ్చి కాలేజీలో ఫార్మలిన్ సీసాలో వేసింది. ఆ కాలేజీలో ఏది చచ్చినా ఫార్మలిన్‌లోకే పోతుంది, ఇంకో మందు ఉందన్న సంగతి స్టోర్‌రూమ్‌కు తెలియదు. ఆ ద్రావకం గుల్లలను మెల్లమెల్లగా తినేసింది. సెలవుల తర్వాత తీసి చూస్తే అడుగున తెల్లటి మడ్డి మిగిలింది. జేబు రుమాలులో విడిగా మూటగట్టిన నాలుగైదు ఖాళీ గుల్లలు మాత్రం దక్కాయి. వాటికి ఫొటోలు తీసి, నత్తల మీద పనిచేసే సంజీవ్‌కు పంపింది. ఆయన మిర్యాలగూడ మనిషే, పుణెలో స్థిరపడ్డాడు.

సంజీవ్ మరునాడే ఫోన్ చేశాడు. గొంతులో తొందర దాగలేదు.

"మేడం, దీన్ని ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. జాతి కొత్తది, అందులో నాకు అనుమానం లేదు. కానీ గుల్ల ఒక్కటే చూపిస్తే సగం రాసినట్టు. లోపలి జీవి కావాలి. బతికున్నవాటిని నేరుగా మందులో వేస్తే ముడుచుకుపోయి మూత బిగించుకుంటాయి. నీళ్లలో పుదీనా పువ్వు, అదే మెంథాల్ పలుకులు, వేసి మెల్లగా నిద్రపుచ్చాలి. ఒళ్లంతా బయటికి చాపుకొని మత్తులో ఉన్నప్పుడు స్పిరిట్‌లోకి మార్చాలి. నేనే వస్తాను, ఇద్దరం కలిసి చేద్దాం."

"సరే సార్."

"ఇంకొక మాట. అప్పటిదాకా ఎవరికీ చూపించకండి. ఫొటో ఒకటి బయటికి పోయిందంటే రేపు ఇంకెవరో పేరు పెట్టేస్తారు."

ఈ మాట సౌమ్యకు సూదిలా దిగింది. ఆ రోజు నుంచి ఆమె నత్తను కడుపులో పెట్టుకొని కాచింది. కాలేజీలో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. పుదీనా పువ్వు కొనడానికి పోయినప్పుడు, మందుల కొట్టతను "పంటి నొప్పా మేడం" అంటే అవునంది.

చెలమ దగ్గరికి మాత్రం వీలైనప్పుడల్లా పోయి, రాళ్లు తిరగేసి చూసి, ఉన్నాయని తృప్తిపడి వచ్చేది. పట్టుకొచ్చేది కాదు, సంజీవ్ వచ్చాకే పట్టాలని ఆగింది. చెలమ బాట మొదట్లోనే ఉప్పలమ్మ ఇల్లు. నలుగురు పిల్లల్ని పెంచి పంపి, మేకలతో కాలం గడుపుతున్న మనిషి. సౌమ్య బస్సు దిగి ఎండన పడి వస్తుంటే ఎదురొచ్చి చెంబెడు మజ్జిగ ఇచ్చేది. ఓరోజు తానూ చెలమ దాకా వచ్చి, బండ మీద గొంతుక్కూచుంది.

"ఏం ఎతుకుతున్నరు మేడం, గింత ఎండల?"

"నత్తలమ్మా."

"నత్తలా?" ఉప్పలమ్మకు నవ్వు ఆగలేదు. "మునగాల దిక్కు పొలాలల్ల బొచ్చెడుంటయి. మా అన్న కొడుక్కు ఫోన్ కొడితే బుట్టెడు పంపుతడు. కూర వండుకుంటరా ఏంది?"

"అవి కాదమ్మా, ఇవి వేరే. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మీ చెలమలోనే ఉన్నాయి."

"అట్లనా! ఏది, నాకు జర సూపెట్టరాదు?"

సౌమ్య చేతిలో అప్పుడు తడి రాయి ఉంది. దాని అడుగున నత్తలున్నాయి. ఒక్కసారి తిప్పి భూతద్దం ఆమె కంటి దగ్గర పెడితే సరిపోయేది. కానీ ఉప్పలమ్మ చూస్తే మేకల కాపరులు చూస్తారు, వాళ్లు చూస్తే పిల్లలు చూస్తారు, పిల్లల చేతుల్లో ఫోన్లుంటాయి. సౌమ్య రాయిని మళ్లీ నీళ్లలోకి జార్చింది.

"తర్వాత చూపిస్తాలే అమ్మా" అంది.

ఉప్పలమ్మ ఏమీ అనుకోలేదు. చదువుకున్నవాళ్ల వ్యవహారం, వాళ్లకు ఏవేవో ఉంటాయి అనుకొని మేకల వెంట వెళ్లిపోయింది.

సంజీవ్ వచ్చే రోజు ఖాయమయ్యాక, సౌమ్య సర్పంచి నాగరాజుకు ఫోన్ చేసింది. పుణె నుంచి పెద్ద సైంటిస్టు వస్తున్నాడని, వాళ్ల ఊరి నత్త గురించి దేశదేశాలకు తెలుస్తుందని, కారు పోవడానికి బాటలో కంప కొట్టించమని చెప్పింది. అంతే చెప్పింది. నాగరాజు పొంగిపోయాడు. "మీరు పరేషాన్ గాకుండ్రి మేడం. మొత్తం మేం సూసుకుంటం" అన్నాడు. ఫోన్ పెట్టేసి సౌమ్య ఎంత మంచి మనుషులు అనుకుంది. మంచి మనుషులే. అందులో ఏ తప్పూ లేదు.

మిర్యాలగూడ స్టేషన్లో సంజీవ్‌ను ఎక్కించుకొని, కిరాయి కారులో చెలమలగూడెం చేరేసరికి పొద్దు బారెడెక్కింది. సంజీవ్ ఒళ్లో సీసాల పెట్టె ఉంది. ఆ జాతికి ఏం పేరు పెడదాం అని మాట్లాడుకుంటూ వస్తున్నారు. ఊరి పొలిమేరలో కారు మలుపు తిరగ్గానే సౌమ్య మాట మధ్యలో ఆగిపోయింది.

రోడ్డుకు రెండు వైపులా తెల్లటి గీతలు. తాడు పట్టి పోసినట్టు తిన్నగా, ఊళ్లోంచి గుట్ట దాకా.

బ్లీచింగ్ పౌడర్.

ఈ నేల మీద పుట్టినవాళ్లకు ఆ గీతల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మంత్రి వచ్చినా, కలెక్టర్ వచ్చినా, ఆఖరికి బడి చూడ్డానికి ఎవరో అధికారి వచ్చినా ముందు పడేవి అవే. వచ్చేవాడు గొప్పవాడైతే గీత లావుగా ఉంటుంది. ఈ గీత చాలా లావుగా ఉంది. సౌమ్య "ఆపకు, పోనీ, తొందరగా పోనీ" అని డ్రైవర్ను గదమాయించింది. తొందరగా పోయి చేసేదేమీ లేదని తెలిసినా ఆమె నోరు ఊరుకోలేదు.

చెలమ దగ్గర ఊరంతా ఉంది. మామిడాకుల తోరణం, సంజీవ్‌కు స్వాగతం పలుకుతూ ఫ్లెక్సీ. గుట్ట రాళ్లకు సున్నం కొట్టి, అంచులకు ఎర్రటి జాజు దిద్దారు. మడుగులో రాళ్లన్నీ పైకి తీసి, పాచి ఆనవాలు లేకుండా తోమి, మళ్లీ వరసగా పేర్చారు. నీళ్లు గాజులా మెరుస్తున్నాయి. దవాఖానా వరండాలో వచ్చే వాసన వస్తోంది. ఆ మెరిసే నీళ్లలో పొలం నత్తలు, పిడికిలంతేసివి, గుట్టగా పోసి ఉన్నాయి. కొన్ని అప్పటికే నాలుక వేలాడేసి తేలుతున్నాయి.

నాగరాజు చేతులు జోడించి ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎట్లున్నది మేడం? ఊరోళ్లం అందరం కలిసి కడిగినం. సున్నమేసినం, పౌడరేసినం. మందుకు నత్తలు సావొద్దని ముందుగాల వాటిని బకెట్లల్ల దాసిపెట్టి, నీళ్లు తేరినంక మళ్ల ఇడిసినం. ఈడున్నయి కొన్నే ఉండె, సార్ కండ్లకు ఆనయని పొలాలకెల్లి ఇంకో బుట్టెడు తెప్పిచ్చినం."

నత్తలను కాపాడారు వాళ్లు. నత్త అంటే వాళ్లకు తెలిసినదాన్ని కంటికి రెప్పలా కాపాడారు.

సంజీవ్‌కు కథ అర్థమైంది. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. ప్యాంటు మడుచుకొని మడుగులో దిగి, ఒక్కొక్క రాయీ తీసి, తిప్పి, భూతద్దంతో చూసి పక్కన పెట్టాడు. రాతి పగులులోకి వేలు పెట్టి తడిమాడు. పగులు లోపలికి కూడా సున్నం పోశారు. ఊరంతా నిశ్శబ్దంగా, భక్తిగా చూస్తోంది. పెద్దసారు పని చేస్తున్నాడు మరి. చివరికి ఆయన నడుం పట్టుకొని లేచి సౌమ్య వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుడు ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు.

తర్వాత శాలువాలు కప్పారు. నాగరాజు మైకులో మాట్లాడాడు. సౌమ్యనూ రెండు మాటలు చెప్పమన్నారు. ముందు వరసలో ఉప్పలమ్మ ఉంది. మంచి చీర కట్టుకొని, తోమితోమి ఎర్రబడిన చేతులు ఒళ్లో పెట్టుకొని, తన సొంత బిడ్డ మైకు పట్టుకున్నట్టు చూస్తోంది. ఆ చూపు ముందు నిజం చెప్పే ధైర్యం సౌమ్యకు లేకపోయింది. "చాలా బాగా చేశారు" అంది. చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడింది. దేవదాసు మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏమైందో మెల్లగా రాబట్టాడు.

"పెద్దోళ్లొస్తున్నరంటే ఇంకేం జేస్తరు బిడ్డా" అన్నాడు. "నేను పంచాయతీల కూలి పనికి ఉన్నన్నాళ్లు జేసింది గదే గద. ఎవడన్న వస్తుండంటే రాత్రికి రాత్రి పౌడర్ మోసుడు. నీకు గుర్తులేదా, నా చేతుల వాసనకు నువ్వు ముద్ద తినకపోయేదానివి."

గుర్తుంది. అదే ఆమె ఏడుపు. ఏళ్లకేళ్లు పుణెలో ఉన్న మనిషి మరిచిపోయి ఉండొచ్చు. ఆ పొడి మోసిన కూలితో పొయ్యి వెలిగిన ఇంట్లో పెరిగిన తనకు తెలియకపోవడమేమిటి? ఒక ఊరికి పెద్దవాడు వస్తున్నాడని కబురు పంపితే ఆ ఊరు ఏం చేస్తుందో తనకు కాక ఎవరికి తెలుస్తుంది? పేరు పోతుందన్న భయంలో, నత్త పోతుందన్న భయానికి చోటు లేకపోయింది. దేవదాసు ఇక ఆటపట్టించలేదు. అన్నం చల్లారినా ఆ రాత్రి ఎవరూ గుర్తుచేయలేదు.

ఆపైన సౌమ్య ఆ చుట్టుపట్ల తిరగని తావు లేదు. హుజూర్‌నగర్ దిక్కు సున్నపురాతి వాగులు, మునగాల బావులు, సూర్యాపేట అవతలి గుట్టలు. అన్ని చోట్లా నత్తలున్నాయి, ఆ నత్త లేదు. చెలమకు వానలు పడ్డాక పోయింది. సున్నం కరిగి, రాళ్ల మీద పాచి మళ్లీ పట్టింది. దోమ పిల్లలొచ్చాయి, కప్పలొచ్చాయి. రెక్కలున్నవీ గెంతేవీ ఎక్కడినుంచో వచ్చి చేరాయి. నీళ్లు పుట్టే చోటు తప్ప బతకనిది ఎక్కడినుంచి రావాలి? చలికాలం పోయింది, మళ్లీ ఎండలొచ్చాయి. రాయి తిప్పినప్పుడల్లా గుండెలో చిన్నగా ఏదో లేచేది. రాను రాను అది లేవడం కూడా మానేసింది.

చివరికి సంజీవే అన్నాడు, ఉన్న గుల్లలతోనే రాద్దామని. పోయిన జీవులను అలా రాయడం లోకంలో ఉన్నదేనట. సౌమ్య ఆ నాలుగైదు గుల్లలను మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచింది. ఎన్ని చుట్లు, నోరు ఏ ఆకారం, అంచు ఎంత మందం, అన్నీ బొమ్మ గీసి రాసింది. 'జీవి' అన్న శీర్షిక కింద ఖాళీ వదిలేయమన్నాడు సంజీవ్. ఆమె వదల్లేదు. తల గాజులా ఉంటుందనీ, కళ్లు రెండు నల్ల చుక్కలనీ, ప్రవాహానికి ఎదురు నడుస్తుందనీ రాసింది. రాస్తుంటే కాగితం మసకబారింది. ఈ భూమ్మీద అది నడుస్తుండగా చూసిన మనిషి తానొక్కతే, చూసింది కూడా ఎంతసేపని?

ఎలా పోయిందో రాయాల్సిన చోట ఇద్దరికీ పేచీ వచ్చింది. 'గ్రామస్తుల అజ్ఞానం వల్ల' అని రాశాడు సంజీవ్. సౌమ్య ఆ ముక్క కొట్టేసి, 'ఈ వ్యాస రచయితల రాక సందర్భంగా చెలమను శుభ్రం చేయడం వల్ల' అని రాసి పంపింది.

"మన మీద మనమే వేసుకోవాలా మేడం?" అన్నాడు ఆయన ఫోన్లో.

"ఇంకెవరి మీద వేద్దాం సార్?"

"సరే, ఉండనివ్వండి" అన్నాడు.

పేరు మాత్రం సౌమ్య ఇష్టానికే వదిలాడు. ఆమె ఉప్పలమ్మ పేరు పెట్టింది. మజ్జిగ ఇచ్చిన మనిషి, చెలమ పక్కనే ముసలిదైన మనిషి. మనసులో ఉన్న అసలు సంగతి వేరు. ఆ ఊరికి ఏదైనా ఇవ్వాలనిపించింది, ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

వ్యాసం అచ్చయ్యాక కాగితాలు, ఒక గుల్ల ఉన్న చిన్న సీసా సంచిలో వేసుకొని చెలమలగూడెం పోయింది. ఉప్పలమ్మ మేకలకు ఆకు కొడుతోంది. సంగతి చెప్పగానే కత్తి పక్కన పడేసింది.

"నా పేరా? నత్తకా?" పకపకా నవ్వింది. "ఇంకేం దొరకలేదా మేడం! మనుమరాలికే నా పేరు పెట్టుకోలే ఎవ్వరు. దేశమంత పిలుస్తరా అట్లనే?"

"దేశమంతా పిలుస్తారమ్మా. ఎన్నేళ్లయినా పిలుస్తారు."

"ఏది, ఇయాలన్న సూపెట్టు మరి దాన్ని."

సౌమ్య సీసాలోని గుల్లను అరచేతిలోకి ఒంపి, భూతద్దం ఆమె కంటి దగ్గర పట్టింది. ఉప్పలమ్మ మొదట అద్దంలోకి చూసింది. తర్వాత అద్దం పక్కకు తోసి వట్టి కంటితో చూసింది. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"గింతేనా?" అంది. "గియి... గియి నీళ్లు పుట్టే కాడ బండలకు నల్లగ అంటుకోని ఉండె గద. పొక్కుల లెక్క."

"అవునమ్మా."

"కొబ్బరిపీసుకు ఊడిరాలె. సార్ ముంగట నీ ఇజ్జత్ పోతదని ఇటుకపొడేసి తోమిన. ఆ పగులుకాడ ఇంకెవ్వరిని తోమనియ్యలే, నేనే కూసున్న." గుల్ల మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. "ఇప్పుడు ఉన్నయా?"

లేవని చెప్పకుండా ఉండటానికి సౌమ్య ఆ క్షణంలో ఏమైనా ఇచ్చేది. కానీ ఈ మనిషికి ఒకసారి మైకు ముందు నిలబడి అబద్ధం చెప్పింది.

"లేవమ్మా. ఎక్కడా లేవు."

ఉప్పలమ్మ తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"అడిగితి గద బిడ్డా" అంది. ఆ మనిషి సౌమ్యను మేడం అనకపోవడం అదే మొదలు. "ఆనాడే సూపెట్టుమని అడిగితి. ఒక్కపారి సూపెట్టకపోతివి."

కాగితాలు సౌమ్య ఒళ్లోనే ఉండిపోయాయి. ఉప్పలమ్మ వాటి వైపు వేలు చూపించింది.

"నా పేరు తీసెయ్యి. నీ పున్నెముంటది. నా చేతులతోటి సంపినదానికి నా పేరేంది, తీసెయ్యి."

సౌమ్య తల వంచుకుంది. ఒకసారి అచ్చయిన పేరును ఎవరూ మార్చడానికి వీల్లేదు, పెట్టినవాళ్లు కూడా మార్చలేరు. ఆ శాస్త్రంలో కట్టుబాటు అదే. ఆ సంగతి ఉప్పలమ్మకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.